రాగిపోగు కుందేలుతో మునిశామప్ప మహాసంగ్రామము

స్వభాను నామ సంవత్సరమున, హేమంత ఋతువున, సప్తసముద్రముల కావల దొరలు దొరలు ఫిరంగులతో ఒకరినొకరు కాల్చుకొనుచుండగా, కిరసనాయిలు కరవై దీపములును, పెట్రోలు కరవై బస్సులును, బియ్యము కరవై కడుపులును ఏకకాలమున మసకబారియుండగా, సాదలి దాపున, బోడిగుట్టల నడుమ, రాగిచేల సరసనున్న ఒక పల్లెయందు, ఆ ఫిరంగుల పోరును పిల్లకాయల ఆటగా దోపజేసిన ఘోరసంగ్రామమొకటి జరిగెను. ఒక పక్షమున ఒక రైతు. రెండవ పక్షమున ఒక కుందేలు. చరిత్రకారులు దీనిని వ్రాయలేదన్నచో ఆ లోపము సంగ్రామమునది కాదు, వారిది.

అష్టాదశగుంటాతోటాధీశ్వరుడును, కపిలబావిసార్వభౌముడును, జరీతలపాగాభాసురుడును, భార్య లక్ష్మీదేవమ్మ మాటను తప్ప మరెవ్వరి మాటను విననివాడును, ఆ మాటనైనను పని చెడిన పిమ్మటనే వినువాడును అగు మునిశామప్పయే ఆ రైతు. కిందటియేడు చింతామణిలో జరిగిన ఫలపుష్ప ప్రదర్శనమున ఆయన యుంచిన ముల్లంగిని చూచి, బాగేపల్లి నుండి వచ్చిన బామ్మర్ది ఆంజనప్ప, “ఇది ముల్లంగా బావా, ఎలకతోకా?” అని నూరుమందిలో అడిగెను. నూరుమందియు నవ్విరి. మునిశామప్పకు ఒళ్లు మండెను. దొరలు క్యాబేజీయనియు మనవారు కోసనియు పిలుచు ఆ పరదేశపు గడ్డనే పండించి మరుసటి ప్రదర్శనమున బల్లమీద పెట్టెదననియు, పెట్టలేనినాడు తన తలపాగా విప్పి బామ్మర్ది కాళ్లవద్ద నుంచెదననియు అచ్చటనే శపథము చేసెను. అది తండ్రి తలమీది నుండి వచ్చిన తలపాగా. దానిని విప్పుట యనగా ఆయనకు తల తీసి యిచ్చుటయే.

లోకమున ఏ రక్కసుడును వరము లేక పెచ్చుమీరడు. ఈ కుందేటికిని వరము కలదు, ఇచ్చినవాడు మునిశామప్పయే. ఆ పల్లెవారు విజయదశమినాడు పారువేట సాగించి, ప్రాణముతో ఒక చెవులపిల్లిని పట్టి, దేవుని ముందర పూజించి, చెవికి పసుపుదారము చుట్టి విడిచిపెట్టుదురు. చెవిన గుర్తున్నంత కాలము అది దేవుని సొత్తు. దానిమీద ఎవ్వరును చెయ్యెత్తరాదు. పెద్దలు తెలివిగలవారు. దారము వారమునకు ఊడును, ఎనిమిదవనాడు దేవుని సొత్తు పులుసులోనికి వచ్చును. అయితే ఆ యేడు దారము కట్టు వంతు మునిశామప్పది, పండుగకు వచ్చిన ఆంజనప్ప చూచుచుండెను. చూచువాడు బామ్మర్ది యైనప్పుడు దారముతో సరిపెట్టుకొను బావ ఈ భూమిపై ఇంకను పుట్టలేదు. ఆయన కంసాలిచేత రాగిపోగు చేయించి, కుందేటి చెవి కుట్టి తొడిగి, ఊరందరి ముందర నిలిచి, “దీని మీద చెయ్యెత్తినోడు నా మీద ఎత్తినట్లే,” అనెను. జనులు మెచ్చిరి. కుందేలు పొదలలోనికి దూకెను.

కార్తికమున మునిశామప్ప పన్నెండు కోసుమొక్కలు నాటెను. అవి గడ్డకట్ట మొదలిడిన దినముననే రాగిపోగు తోటలో తళుక్కుమనెను. తెల్లవారగట్ల కోడి కూసిన వెంటనే వచ్చి, తొందర యేమియు లేక, ఒక్క కోసును మొదలంట భుజించి, మీసములు దువ్వుకొని పోవుట ఆ వరగర్వితుని నిత్యకృత్యమయ్యెను. పన్నెండు ఏడయ్యెను, ఏడు మూడయ్యెను. కర్ర, వల, కుక్క మూడును నిషిద్ధములు. రేకుడబ్బా వాయించి బెదరించుట ధర్మమేనా యని ఊరి పెద్ద వెంకటప్ప నడుగగా, ఆయన వక్కాకు నమిలి నమిలి, “చెయ్యెత్తకుండా డబ్బా ఎట్ల కొడతావప్పా?” అనెను. ధర్మము సూక్ష్మమైనది. వెంకటప్పకు కోసుతోట లేదు.

ఒక్క కోసు మిగిలిన ఉదయమున మునిశామప్ప దాని ముందర మోకాళ్లపై కూర్చుండి, చేతులు వెనుకకు కట్టుకొని, ఎదుట నిలిచిన శత్రువు నుద్దేశించి యిట్లు గర్జించెను: “ఓరీ దీర్ఘకర్ణా! తృణపల్లవచర్వణదుర్విదగ్ధా! నా ఏకాదశ కోసులను కబళించిన నీ ఉదరకుహరమునకు ఈ ద్వాదశము దక్కునని తలంతువా? నా కంఠమున ప్రాణముండగా నీ దంతము దీని పత్రమును సోకజాలదు. మరలి పొమ్ము!”

ఇది కథకుడు సవరించిన పాఠము. ఆయన నోట నిజముగ వెడలినది వేరు. “పో అప్పా,” అని మెల్లగా అనెను. “ఇదొక్కటి వదిలిపెట్టు. నీకు పుణ్యముంటాది.” కుందేలు విని, ఆలోచించి, బయటి ఆకొకటి తిని పోయెను.

ఇంటికి వచ్చి ఆ అవమానము చెప్పుకొనుచు వీరుడు కన్నీరు పెట్టెను. లక్ష్మీదేవమ్మ రాగిసంగటి కెలుకుచు అంతయు వినెను. మొదటి కోసు పోయిన దినముననే ఆమె ఒక ఉపాయము చెప్పబోగా, యుద్ధవిషయములు పొయ్యిదగ్గరివారికి తెలియవని ఆయన కసరియుండెను. ఇప్పుడు ఆయన కసరు స్థితిలో లేడు. “చెవులపిల్లి మీద చెయ్యెత్తగూడదు, సరే,” అని ఆమె అనెను. “కోసు మీద గంప బోర్లించగూడదని ఎవురన్నా చెప్పినారా?”

వెదురుతో అల్లినదియు, రెండుచోట్ల చీలినదియు, మూడు తరముల కోళ్లను కాచినదియునగు కోళ్లగంప ఆ సాయంకాలము కోసుపై బోర్లబడెను. పైన రుబ్బుగుండు కిరీటమువలె వెలసెను. పగలు ఎండకై గంప నెత్తుదురు, పొద్దువాలగానే మూయుదురు. పదునాలుగు దినములు ముట్టడి సాగెను. కుందేలు గంప చుట్టును తిరిగెను, త్రవ్వెను, కూర్చుండి యోచించెను. పదునాలుగవనాటి వేకువ చీలికలో తల దూర్చగా రాగిపోగు వెదురు ఈనెకు తగులుకొని, అతుకు విడి, అచ్చటనే వ్రేలాడెను. వరము కోల్పోయిన దీర్ఘకర్ణుడు బోడిచెవితో గుట్టకు పరుగెత్తెను.

కోసును కోసి, తువ్వాలలో చుట్టి, ఒడిలో పెట్టుకొని, పోగును మొలలో దోపుకొని, బొగ్గుపొగతో నడుచు బస్సెక్కి, ఎత్తు వచ్చినచోటనెల్ల దిగి త్రోసి, మునిశామప్ప చింతామణి చేరెను. బల్లమీద ఆంజనప్ప కోసులు మూడు కడవలవలె నుండెను, బహుమానము వానికే. మునిశామప్ప కోసు నీళ్లచెంబంత. ఆంజనప్ప దానిని అటు త్రిప్పి, ఇటు త్రిప్పి చూచెను. నూరుమందియు వాని నోటివంక చూచిరి. “చిన్నదే,” అని వాడు తుదకు అనెను. “అయినా కోసే బావా.”

తలపాగా నిలిచెను. మునిశామప్పకు ఏడ్పు వచ్చునంత సంతోషము కలిగెను. అచ్చటనే ఇంటికి మరలియున్నచో ఈ గాథ సుఖాంతమై యుండును. కాని ప్రదర్శన ముగిసిన సాయంకాలమున బల్లలమీది కాయగూరలపై పదిమంది చూపులు పడుట లోకసహజము. వీరుడు అది గమనించి, మొలనుండి రాగిపోగు తీసి, కోసు కాడకు తొడిగి బిగించి, “దీని మీద చెయ్యెత్తినోడు నా మీద ఎత్తినట్లే,” అని ప్రకటించెను. జనులు మెచ్చిరి.

ఇంట లక్ష్మీదేవమ్మ కొబ్బరి తురిమి, తిరగమోతకు ఆవాలు తీసి, కత్తిపీట ముందు వేసుకొని కూర్చుండియుండెను. కోసు రుచి యెట్టిదో ఆమె పుట్టి యెరుగదు. తువ్వాల విప్పగానే పోగు మెరసెను. ఆమె దానిని చూచెను, భర్తను చూచెను.

“మళ్లా తొడిగినావా?”

“ఆంజనప్ప చూస్తాండె,” అని ఆయన తల వంచుకొనెను.

ఒట్టు ఒట్టే. కత్తిపీట మూలకు పోయెను, కోసు అరుగెక్కెను. మరునాడు కోడి కూయగానే బోడిచెవుల కుందేలు అరుగుపై ప్రత్యక్షమయ్యెను. ఇప్పుడది దేవుని సొత్తు కాదు, వట్టి చెవులపిల్లి. మునిశామప్ప కర్ర యెత్తెను. ఎత్తిన కర్ర గాలిలోనే నిలిచెను; ఏలయన కుందేలు కోసును కౌగిలించుకొని తినుచుండెను, దానిమీద పడు దెబ్బ పోగున్న కోసుమీద పడక మానదు. చాలసేపు ఒకడు ఎత్తియే యుండెను, ఒకటి తినుచునే యుండెను.

“కట్టె దించు,” అని వాకిట నిలిచిన లక్ష్మీదేవమ్మ అనెను. “చెయ్యి నొస్తాది.”

కుందేలు కాడవరకు తిని, రాగి రుచించక పోగును ప్రక్కకు నెట్టి పోయెను. పోగు ఊడిన కాడకు ఒట్టు లేదు. లక్ష్మీదేవమ్మ బొటనవ్రేలంత ఆ మొదలును కడిగి, తరిగి, కొబ్బరి చల్లి వేయించెను. అది ఇద్దరికి చెరి రెండు ముక్కలు వచ్చెను. ఆమె నమిలి, దీనికా ఇంత యుద్ధమని అడిగి, రెండవ ముక్కను మాత్రము మెల్లగా తినెను.

ఇట్లు ఏకాదశ కోసులను సంపూర్ణముగను, ద్వాదశమును కాడ తక్కువగను శత్రువునకు సమర్పించియు, తలపాగా సడలని మునిశామప్ప నాలుగు ముక్కల విజయమును సాధించెను. ఈ గాథ విన్నవారి కోళ్లగంపలు చినగకుండుగాక. వారి పండుగలకు బామ్మర్దులు ఆలస్యముగా వచ్చుదురు గాక.