పాముకాటుకు డెబ్బై రెండు పేజీలు

"ఇకమీదట మన జిల్లాలో మార్గదర్శకాలు లేకుండా పాముకాటుతో ఒక్కరూ చనిపోరు" అని వికారాబాద్‌లో ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు, పాముకాటు మార్గదర్శకాల కమిటీ అధ్యక్షులు డాక్టర్ ప్రేమ్‌సాగర్. ఇంటికెళ్లి ఆ వాక్యం మళ్లీ చదువుకుంటే ఎక్కడో తేడా కొట్టింది. కానీ అప్పటికే ఫ్లెక్సీ ప్రింటయిపోయింది.

ఆ మార్గదర్శకాల పుస్తకం డెబ్బై రెండు పేజీలు. ఆయన పేషెంటు చెయ్యి పట్టుకుని పదకొండేళ్లయింది. పాముకాటును పవర్‌పాయింట్‌లో తప్ప చూడలేదు. అందుకే రచన అంత నిష్పక్షపాతంగా వచ్చిందని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. పన్నెండో పేజీలోని "ముందుగా రోగికి ధైర్యం చెప్పండి" అన్న మాట మాత్రం అచ్చంగా ఆయన సొంతం. దానికి రెండు మీటింగులు, మూడు ప్లేట్ల మిర్చి బజ్జీలు పట్టాయి.

ఆవిష్కరణకు మంత్రిగారు వస్తున్నారు. అక్కడి ప్రదర్శన స్టాల్ బోసిపోకూడదని ఆరోగ్య కేంద్రాల్లోని విరుగుడు మందు సీసాలన్నీ పంపమని ఆర్డరు వేశారు. తాండూరు అవతలి కేంద్రం నుంచి నర్సు మార్త ఫోన్ చేసింది.

"సార్, మా ఫ్రిజ్‌ల ఉన్నయే పది సీసలు. అన్ని తీస్కపోతే గెట్ల?"

"రెండు రోజులే, మార్తమ్మా."

"గా ముచ్చట పాములకు చెప్పిన్రా సార్?"

జోకు బాగుందని ప్రేమ్‌సాగర్ తన ప్రసంగంలో వాడుకున్నారు. మంత్రిగారు పడీపడీ నవ్వి, ప్రదర్శనను ఇంకో వారం పొడిగించారు.

మూడో రోజు పుస్తకం తొలి ప్రతి ఇవ్వడానికి ఆయనే స్వయంగా మార్త దగ్గరికి వెళ్లారు. ఫొటో దిగి, ఫోన్ సిగ్నల్ కోసం కేంద్రం వెనక కందికట్టె మోపుల దగ్గరికి నడిచారు. అర నిమిషంలో కుంటుకుంటూ తిరిగొచ్చారు. మడమ మీద రెండు గాట్లు. మార్త కిటికీలోంచి మోపుల వైపు తొంగిచూసి, రక్తపింజరేనంది.

"కట్టు కట్టు మార్తమ్మా, గట్టిగ."

"కట్టద్దని మీరే రాసిన్రు గద సార్. పద్నాలుగో పేజీ."

"అయితే మందియ్యి. జల్ది."

మార్త ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. లోపల ఒకటే కాగితం. "పది సీసాలు ప్రదర్శన నిమిత్తం ముట్టినవి." కింద సంతకం ప్రేమ్‌సాగర్‌దే, వంకర టింకర లేకుండా.

మార్త కేంద్రం ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేస్తే, అంబులెన్స్ తాండూరు నుంచి బయలుదేరిందన్నారు. ఆయనకు చచ్చేంత భయమేసింది.

"ఇప్పుడేం జేస్తవ్ మార్తమ్మా?"

మార్త స్టూలేసుకుని పక్కన కూర్చుంది. కొత్త పుస్తకం తెరిచి పన్నెండో పేజీ వెతికి, వేలు పెట్టి నిదానంగా చదివింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీకు మార్గదర్శకాలున్నయి."