ఎనిమిది మొనల దుప్పి

ఆ శనివారం ఎల్వుడ్ క్లైన్ పెట్టుకున్న పని ఒక్కటే. గోడ మీదున్న దుప్పి తలను దించి, దుమ్ము దులిపి, పది గంటలకల్లా ఊరి అగ్నిమాపక కేంద్రంలో సభలు జరిగే ఫైర్ హాలుకు చేర్చాలి. సోమవారం నుంచి వేట మొదలు. ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. ఒక పక్క కొమ్ముకు కనీసం మూడు మొనలుంటేనే మగ దుప్పిని కాల్చాలట. ఏడాదిన్నర పిల్లల్ని వదిలేస్తే అవి ఎదిగి, మందలో అన్ని వయసుల మగవీ మిగులుతాయట. ఈ సంగతి చెప్పడానికి వేట శాఖ వాళ్లు ఫైర్ హాలుకు వస్తున్నారు.

"మా నాన్న మొనలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడా? కనబడిందల్లా కాల్చాడు. అయినా పడింది చూడు, ఎనిమిది మొనలది!" అని ఎల్వుడ్ వేసవి నుంచీ హెమ్లాక్ రన్ ఊళ్లో దొరికినవాడికల్లా చెబుతూనే ఉన్నాడు. ఆ ఎనిమిది మొనలనూ ఇవాళ బల్లమీద పెట్టి చూపిస్తే వేట శాఖ నోరు మూతపడుతుందని అతని నమ్మకం.

ఆ దుప్పి పడి నలభై ఏడేళ్లయింది. అప్పుడు ఎల్వుడ్ పటాలంలో, కొరియాలో ఉన్నాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే తండ్రి రాసిన ఉత్తరం అందింది. "ఒరేయ్ అబ్బాయ్, ఎనిమిది మొనలది పడింది. నువ్వొచ్చేదాకా గోడమీద నీకోసం కాపలా కాస్తుంది." ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదువుకున్నాడు. ఇంటికొచ్చిన నాలుగేళ్లకే తండ్రి పోయాడు. తడిసిన ఉన్ని కోట్ల వాసన, కొండమీది గుడిసెలో కాఫీ, గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి దూలానికి మేకుతో కొట్టి అందరూ నవ్వడం, అన్నిటి కళా ఆయనతోనే పోయింది. ఆయన గుర్తుగా మిగిలింది ఈ తల ఒక్కటే. దాన్ని చూస్తే ఎల్వుడ్‌కి ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అతను దాన్ని దగ్గని చెబుతాడు.

తల దించడానికి సాయమొచ్చిన మెర్ల్ ష్రాక్ చిన్ననాటి స్నేహితుడు. ఎదురు మాట్లాడకపోతే మెర్ల్‌కి తిన్నది అరగదు.

"ఏడేరా. ఈ కిందిది మొన కాదు, బొడిపె," అన్నాడు మెర్ల్.

"నీ మొహం! ఉంగరం నిలిస్తే మొనే. మన తాతల నాటి కొలత అది."

"అయితే నిలబెట్టు చూద్దాం."

ఎల్వుడ్ సబ్బు రాసి మరీ పెళ్లి ఉంగరం ఊడలాగాడు. ఆ మొనకు తగిలించాడు. ఉంగరం నిలిచింది. నిలవడమేమిటి, జారి మొదలుదాకా పోయి బిగుసుకుపోయింది.

"సరే, మొనే. ఇక తియ్యి," అన్నాడు మెర్ల్.

రాలేదు. వెన్న రాశారు. పంది కొవ్వు రాశారు. మెర్ల్ గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. ఎల్వుడ్ మొహం పాలిపోయింది. మొదటి ఉంగరాన్ని చేపలు పడుతూ ఏట్లో పోగొట్టుకున్నాడు. రెండోది తొడుగుతూ భార్య ఆర్లీన్ మెత్తగానే చెప్పింది: "ఇదీ పోయిందా, మూడోది ఉండదు. నేనూ ఉండను." ఆవిడ పొద్దున్నే ఫైర్ హాల్లో అట్లు పోయడానికి వెళ్లింది కాబట్టి సరిపోయింది.

"రంపం ఉందా?" అన్నాడు మెర్ల్.

"మా నాన్న దుప్పిని కోస్తావా? ముందు నీ ముక్కు కోస్తాను!"

చివరికి పెట్రోలు బంకులో తుప్పు వదిలించే నూనె ఉంటుందని గుర్తొచ్చింది. తలను ట్రక్కులో ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి, దుప్పటి కప్పి బయల్దేరారు. బంకు నడిపే డోరిస్‌కి తల దూర్చే అలవాటు. కిటికీలోంచి దూర్చనే దూర్చింది. దుప్పటి జారి ఉంది. వెన్నతో నిగనిగలాడే ముక్కు, కొవ్వుతో తడిసిన కన్ను ఆవిడ వంకే చూస్తున్నాయి.

"ఎల్వుడ్! సీజనుకు ఇంకా రెండ్రోజులుంది కదయ్యా!"

ఉంగరం గుట్టు బయటపడుతుందన్న కంగారులో మెర్ల్ దుప్పటి లాగి కప్పేశాడు. "ఏం లేదు, ఏం లేదు. ఆర్లీన్‌తో మాత్రం అనకు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

వాళ్లు నూనె పోసి, పదిహేను నిమిషాలు ఆగి, ఉంగరం రాక తిట్టుకుని ఫైర్ హాలు చేరేలోపు డోరిస్ ఫోను చేరిపోయింది. తలుపు దగ్గరి మాటల్లో ఎల్వుడ్ దొంగతనంగా కొట్టింది ఒక దుప్పిని. అట్ల వరుస దగ్గరికొచ్చేసరికి మూడింటిని. కాఫీ పాత్ర దగ్గర మాత్రం ఎల్వుడ్ ఏకంగా రాత్రుళ్లు దీపం వేసి వేటాడుతున్నాడు. కొత్త నిబంధన మీద అతనంత మండిపడ్డది ఇందుకేనని అప్పటిదాకా అతన్ని సమర్థించినవాళ్లే తేల్చేశారు.

వేట శాఖ వార్డెన్ టెరీసా కోవల్చిక్ ట్రక్కు దగ్గరికి వచ్చింది. పదేళ్లప్పుడు ఆ పిల్లకు తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఎల్వుడే.

"ఎల్వుడ్ గారూ, ఏమనుకోకండి. దుప్పటి తియ్యాలి."

"ఇది మా నాన్న దుప్పి అమ్మాయ్! నువ్వే కాదు, మీ అమ్మ కూడా పుట్టలేదప్పటికి!"

"మరి ఇంత తడిగా ఉందేంటండీ?"

"వెన్న," అన్నాడు మెర్ల్.

ఊరంతా చుట్టూ మూగింది. తలను లోపలికి తెచ్చి బల్లమీద పెట్టారు. ఎల్వుడ్ కోరుకున్న బల్లే అది, కోరుకున్న జనమే. టెరీసా మెడ కింది చెక్క చూసి, పాత తలేనని ఒప్పుకుని నవ్వింది. అంతలో అట్లకాడతో జనాన్ని తోసుకుంటూ ఆర్లీన్ వచ్చింది.

"ఎల్వుడ్, ఆ కొమ్ముకున్నది ఏమిటి?"

ఎల్వుడ్ కొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పెద్దాయన అవస్థ చూడలేక టెరీసా ఉంగరం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఉంగరం వచ్చింది. దానితోపాటు మొన కూడా వచ్చింది. విరిగిన చోట కొమ్ము లేదు. తెల్లటి ప్లాస్టర్ ఉంది.

టెరీసా మెల్లగా మిగతావి తడిమింది. ఇంకో మూడు కూడా నూనెకు నాని చేతిలోకి వచ్చేశాయి. పక్కకు రెండేసి మొనలతో బక్కచిక్కిన ఏడాదిన్నర పిల్ల ఒకటి బల్లమీద మిగిలి, అమాయకంగా చూస్తోంది.

"మా నాన్న అబద్ధమాడడు," అన్నాడు ఎల్వుడ్. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "నాకు ఉత్తరం రాశాడు."

ఆర్లీన్ అట్లకాడ పక్కన పెట్టి అతని పక్కన కూర్చుంది. "ఆ ఉత్తరమే కొంప ముంచింది. నువ్వు దిగులుగా రాశావట, ఇల్లు గుర్తొస్తోందని. నిన్ను సంతోషపెడదామని మీ నాన్న నాలుగుని ఎనిమిది చేసి రాసేశాడు. తీరా నువ్వొస్తున్నావని తెలిశాక పరుగున మా ఇంటికొచ్చాడు. నేను పక్కింటి పిల్లనే కదా, బళ్లో బొమ్మలు చేసేదాన్ని. మా అమ్మ వంటింట్లో ప్లాస్టర్ కలిపాం. కాఫీ డికాషన్‌తో రంగేశాం. అది చేసిన రెండు వారాలూ మీ నాన్న నీ గురించి తప్ప ఇంకోటి మాట్లాడలేదు. నువ్వు రాకముందే నువ్వంటే నాకు..." అని ఆగి, "చెప్పనని ఒట్టేశాను. నలభై ఏడేళ్లు చెప్పలేదు. మొనలు మాత్రం బాగా కుదిరాయి," అంది.

ఎల్వుడ్‌కి ఈసారి దగ్గని చెప్పడానికి కూడా వీలుకాలేదు. కళ్లనీళ్లు కారిపోయాయి. తుడుచుకోలేదు.

వేట శాఖ మనిషి ఏం చేయాలో తోచక మైకులో అడిగాడు: "కొత్త నిబంధన మీద... ఎవరికైనా అభ్యంతరం ఉందాండీ?"

అందరూ ఎల్వుడ్ వైపు చూశారు. అతను లేచి ఆ పిల్ల దుప్పి తలమీద చెయ్యి వేశాడు.

"ఆ రోజుల్లో అడవినిండా పెద్దవి ఉండేవని వేసవి నుంచీ అరుస్తున్నాను. ఉండేది ఇదన్నమాట," అన్నాడు. "దీన్ని ఇంకో రెండేళ్లు వదిలి ఉంటే మా నాన్నకు ప్లాస్టర్ కొనే పని తప్పేది. నాకేం అభ్యంతరం లేదు."

ఆ సాయంత్రం ఆర్లీన్ నాలుగు మొనల్నీ తిరిగి అతికించింది. ఉంగరం ఎల్వుడ్ వేలికి తానే తొడిగి, మళ్లీ తీస్తే వేలు కూడా తీస్తానంది.

సోమవారం తెల్లవారి కొండమీద, తండ్రి కూర్చునే రాతి దగ్గర, ఎల్వుడ్ ముందుకు ఒక మగ దుప్పి వచ్చింది. పాతిక అడుగుల్లో నిలబడి, మంచులో ఆవిరి వదిలింది. తుపాకీ ఒళ్లోనే ఉంచుకుని అది వెళ్లిపోయేదాకా చూశాడు. మధ్యాహ్నం ఖాళీ చేతులతో గుడిసెకు వస్తే మెర్ల్ కత్తెర పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"గురి తప్పిందా? చొక్కా విప్పు!"

"నేను కాల్చలేదురా. వదిలేశాను."

"ఎన్ని మొనలేమిటి?"

"ఎనిమిది."

"ఎనిమిది మొనలదాన్ని వదిలేశావా? మతి పోయిందా నీకు?"

ఎల్వుడ్ కాఫీ పోసుకుని, తీరిగ్గా ఒక గుక్క తాగాడు.

"నాలుగు ఇంకా రావాలి," అన్నాడు.