ప్రింటర్ చెడిపోయిన శుభవేళ

ఇంట్లో ప్రింటర్ చెడిపోవడం పూర్వజన్మ సుకృతం. నవ్వకండి! బాగా పనిచేసే ప్రింటర్ ఉన్నవాడిని లోకంలో ఎవరైనా పలకరిస్తారా? ఒక్కసారి చెడిపోనివ్వండి, ఊరు ఊరంతా మీ వరండాలోనే ఉంటుంది.

నాది పుంగనూరు. ముందు గదిలో ఒక టేబులు, ఒక కంప్యూటర్, బయట గోడకు 'కంప్యూటర్ జాతకములు, లగ్నపత్రికలు, అర్జీలు ప్రింటు చేయబడును' అనే బోర్డు. దీన్ని ఇప్పుడు హోమ్ ఆఫీసు అంటున్నారట. 1997లో కొన్న నా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ అయిదేళ్లపాటు కర్రుకర్రుమంటూ ఈ ఊరి గ్రహాలన్నిటినీ అచ్చేసింది. మొన్న మాఘమాసంలో, పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న వారంలో, ఎవరిదో కుజదోషం సగంలో ఉండగా ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే తిమ్మప్ప వచ్చాడు. టమాటా రైతు, మాకు పాత పరిచయం. కూతురు హరిత పెళ్లి కుదిరింది.

"శుక్రవారం పొద్దున తొమ్మిదికంతా లగ్నపత్రిక చేతికి రావల్ల సార్. మగపెళ్లోళ్లు వి.కోట నుంచి వస్తాండారు. వాళ్ల పెద్దాయనకు శకునాలంటే శానా పట్టింపు. ఎవురో తుమ్మినారని ఇంతకుముందు ఒక సమ్మందం వొదులుకోని పోయినాడంట. మా పాపకు ఈ పిల్లోడు బాగా నచ్చినాడు. యాడా పొరపాటు రాకూడదు."

"నేనుండగా నీకేం భయమప్పా!" అన్నాను. ఆ రోజు మంగళవారం.

ఇక వరాలు మొదలయ్యాయి చూడండి. మొదటిది జ్ఞానం. ప్రింటర్‌ను ఒళ్లో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. దిగేలోపు నాకు తెలిసిందేమిటంటే, ఈ బస్సులో ప్రింటర్ల గురించి తెలియనివాడు నేనొక్కడినే! కండక్టరు ఇంక్‌జెట్ మేలన్నాడు. వెనక సీటాయన అసలు కాగితాల కాలం అయిపోయిందన్నాడు. కోళ్లగంప పట్టుకున్న ఆమె, "దాన్ని ఎండలో పెట్టి సూడప్పా, మా రేడియో అట్లనే బాగయింది" అంది. ఇంత విద్య ఏ కాలేజీలో చెబుతారు?

బస్టాండు దగ్గర వినోద్ కంప్యూటర్ షాపు. అతను నా ప్రింటర్‌ను విప్పలేదు. ముట్టుకోనూ లేదు. దూరం నుంచే చూసి, డాక్టరు బంధువులతో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"సార్, దీనికి పార్టులు రావు. రిపేరు చేసేదానికన్నా కొత్తది కొనేది మేలు."

ఎంత గొప్ప మాట! ఈ సిద్ధాంతం మన పెద్దలకు తెలియక చెప్పులు కుట్టించుకున్నారు, గొడుగులు బాగుచేయించుకున్నారు, అల్లుళ్లతో సర్దుకుపోయారు. పాపం, అజ్ఞానులు!

రెండో వరం బంధుప్రీతి. కుప్పంలో నా బామ్మర్ది ఉన్నాడు. ఆరు నెలలుగా మాటల్లేవు. ప్రింటర్ పోయిందని తెలియగానే వాడే ఫోన్ చేశాడు. "లేజర్ తీసుకో బావా. మా ఆఫీసులో పాతది ఒకటి ఉండాది, ఇప్పిస్తా" అన్నాడు. బుధవారం కుప్పం పోయాను, భోజనం చేశాను, పాత అలక మరిచిపోయాను, ట్రంకుపెట్టె సైజున్న లేజర్‌ను బస్సులో నా పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాను. దానికీ టిక్కెట్టు కొట్టారు.

ఇంటికొచ్చి స్విచ్ వేశాను. మా లైటు ఎర్రబడింది, ఫ్యాను ఆలోచనలో పడింది, ఠప్పున ఫ్యూజు పోయింది. మాదే కాదు, పక్కింటిదీ పోయింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏం మిషినప్పా అది? సీరియల్లో అత్త నిజం చెప్పబోతాంటే కరెంటు పీకేసింది!"

మూడో వరం సౌందర్య దృష్టి. గురువారం మళ్లీ మదనపల్లె. ఈసారి వినోద్ ఇంక్‌జెట్ ముందు నిలబెట్టి ఒక రామచిలుకను ప్రింటు తీసి చూపించాడు. అబ్బబ్బ! ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు, జామపండు కొరుకుతోంది. నేనేమైనా చిలుకలను ప్రింటు చేసేవాడినా? కాదు. అయినా ఎగిరి గంతేసి అదే కొన్నాను. దేశంలో ప్రింటర్ కొనే ప్రతివాడూ అట్లాగే కొంటున్నాడని నా అనుమానం.

శుక్రవారం పొద్దున లగ్నపత్రిక తీశాను. చుట్టూ పూలతీగ, పైన వినాయకుడు, వరుడి పేరు ఉదయ్ కిరణ్ అని నీలం రంగులో, వధువు పేరు గులాబి రంగులో. నేనూ, రుక్మిణమ్మా తిమ్మప్ప ఇంటికి వెళ్లాం. రుక్మిణమ్మ మా ఆవిడ. పంతులు చదివాడు. వి.కోట పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "బాగుండాది" అన్నాడు. నేను మీసం మీద చెయ్యి వేశాను.

తర్వాత ఏం చేస్తారు? నాలుగు మూలలా పసుపు పెడతారు. తరతరాలుగా పెడుతున్నారు! ఇన్ని వందల లగ్నపత్రికలు తీసిన నాకు షాపులో చిలుకను చూస్తుంటే ఆ సంగతి గుర్తుకు రాలేదు. తిమ్మప్ప అక్క మునిరత్నమ్మ గిన్నెలో వేలు నిండా తడిపసుపు తీసి, మేనకోడలి మీద ఉన్న ప్రేమంతా కలిపి, ధారాళంగా పూసింది.

ఇంకు కరిగింది! పూలతీగ కారి వినాయకుడి మీద పడింది. నీలం, పసుపు కలిసి పచ్చగా ప్రవహించాయి. ఆ ప్రవాహంలో ఉదయ్ కిరణ్ కొట్టుకుపోయాడు.

పెద్దాయన కండువా భుజాన వేసుకుని లేచాడు.

"పెండ్లికొడుకు పేరే కరిగిపోయిందే! ఇది మంచిది కాదప్పా. పదండ్రా పోదాం."

తిమ్మప్ప అడ్డం పోయి చేతులు జోడించాడు. గడప దగ్గర నిలబడిన హరిత ముఖం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయానంటే నమ్మండి.

అప్పుడు రుక్మిణమ్మ ముందుకొచ్చింది.

"కూసోండి పెద్దాయనా. తడిసింది కాగితం. ముహూర్తం తడవలేదు కదా? తిమ్మప్పా, ఒక తెల్లకాగితం, బాల్‌పెన్ను ఇట్లియ్యి."

పంతులు చెబుతుంటే పీట మీద కాగితం పెట్టుకుని రాసింది. ఒక్క కొట్టివేత లేదు. అక్షరాలు మల్లెమొగ్గల్లా వరుసగా కూర్చున్నాయి. మునిరత్నమ్మ భయంభయంగా వేలి కొసతో పసుపు పెట్టబోతే, "బాగా పెట్టు, ఏమీ కాదు" అని గిన్నె ఆమె ముందుకు జరిపింది. మునిరత్నమ్మ పూసింది. అక్షరం కదల్లేదు.

పెద్దాయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. కూర్చున్నాడు.

"ఎవురమ్మా నీకీ రాత నేర్పింది?"

ఆమె బదులు తిమ్మప్ప అందుకున్నాడు. "మా పెద్దోడి లగ్నపత్రిక కూడా ఈ తల్లే రాసింది సామీ. తొంభై నాలుగులో. ఇంకా పెట్టెలో ఉండాది, సున్నా కూడా చెదరలేదు."

నిజమే. కంప్యూటర్ రాకముందు మా ముందు గదిలో కూర్చున్నది రుక్మిణమ్మే. నిమ్మనపల్లె నుంచి కూడా ఆమె రాత కోసం వచ్చేవాళ్లు. మిషన్ వచ్చిన రోజు, "ఇంక నువ్వు రెస్టు తీసుకోవే" అన్నాను. పెన్నులు డబ్బాలో పెట్టి వంటింట్లోకి పోయింది. మహోపకారం చేశానని అయిదేళ్లుగా పొంగిపోతున్నాను.

ఇప్పుడు చెప్పండి, ప్రింటర్ చెడిపోవడం వరమా కాదా? పెళ్లి నిలబడింది! ఆ రోజు నుంచి మా ఇంటికి తాకిడి పెరిగింది. వచ్చినవాళ్లు గుమ్మంలోనే, "అమ్మ ఉండాదా?" అంటారు. "నేనున్నాను" అంటే, "పర్వాలేదులే సార్, అమ్మొచ్చేదాకా కూసుంటాం" అంటారు. కాగితాలకు మార్జిన్లు కొట్టే ఉద్యోగం నాది. కొత్త ప్రింటర్ వీధి పిల్లలకు చిలుకలు అచ్చేస్తోంది.

ఈ వ్యాసం నేనే చెప్పాను. సాపు రాసింది రుక్మిణమ్మ. చెప్పింది చెప్పినట్టే రాసింది, ఒక్క ముక్క తప్ప. అది నేను చెప్పింది కాదు. '"అయిదేండ్లు ఊరికే కూర్చోబెట్టినాను, తప్పయిపోయింది" అనే మాట ఈయన ఊరందరికీ చెప్తాండాడు. నాకు మాత్రం ఇంతవరకు చెప్పలేదు.'

ఆ రెండు వాక్యాలూ కొట్టేయమన్నాను. కొట్టేయలేదు. పెన్ను ఆమె చేతిలో ఉంది.