నాది చివర వెయ్యి

“అసలు సోర్స్‌కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోం” అని మంత్రిగారు బోధన్‌లో ప్రకటించినప్పుడు నేను ముందు వరుసలోనే ఉన్నాను. విలేకరిని కదా, కుర్చీ దొరుకుతుంది. మా చెరకు రైతుల సంఘంలో ఎవరి తోట ఎప్పుడు నరకాలో ఇకమీదట లినక్స్ కంప్యూటరే చెబుతుందట. ముందు నాటినవారికి ముందు కటింగ్ ఆర్డర్. సిఫార్సులు చెల్లవు. ఈ లెక్కంతా రాసి ఉన్న సోర్స్‌కోడ్ సీడీకి పూలదండ వేసి గాజు బీరువాలో పెట్టారు.

ఆ లెక్కన మొదటి ఆర్డర్ నవీపేట్ శారమ్మది. కాలువ నీళ్లు ఆగిపోయి ఆమె తోట నిలువునా ఎండుతోంది.

మా ఛైర్మన్ రత్తయ్యగారు మాట తప్పే మనిషి కాదు. సోర్స్‌ను ముట్టుకోకుండానే తన తోటను ముందుకు తెమ్మన్నారు. కంప్యూటర్ చూసే దేవదాస్ ఉపాయం చెప్పాడు.

“అసలుదాన్ని గట్లనే ఉంచుతం సార్. మార్పు వేరే ఫైలుల రాస్తం, గదే పాచ్. కంప్యూటర్ల నడిచే ప్యాకేజీ కట్టేటప్పుడు పాచ్‌లన్నీ వరుసగ ఎక్కిస్తం. ఆఖర్ల ఎక్కిందే చెల్లుతది.”

ఈ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఆహ్వానపత్రికలో తమ పేరు ముందు లేదని సభలే ఆపించిన నాయకులు దేవదాస్ గది ముందు నిలబడి, నాది చివర వెయ్యమంటే నాది చివర వెయ్యమని బతిమాలారు. ఎమ్మెల్యేగారి పాచ్ చివరికి చేరిందని తెలిసి ఛైర్మన్ గారు తనది తీయించి, దాని వెనక వేయించుకున్నారు. ప్రతిపక్ష నాయకుడు ఇద్దరి వెనకా చేరాడు. జిల్లాలో ఇంత అణకువ నేనెన్నడూ చూడలేదు. అదే రాసి పంపాను.

ఆర్డర్ రాక శారమ్మ ఆఫీసుకు వచ్చింది. రత్తయ్యగారు స్వయంగా బీరువా దగ్గరికి తీసుకెళ్లి సీడీ చూపించారు. దీని ప్రకారం ఇప్పటికీ ఆమెదే మొదటి వంతని, అందులో చుక్క కూడా మారలేదని నచ్చజెప్పారు.

“మరి దీన్నే నడిపియ్యరాదు సారూ. తోట ఎండుతున్నది.”

“దాన్ని ముట్టుకోబోమని మంత్రిగారు మాటిచ్చారమ్మా.”

దండ వేసిన సీడీని ఒకసారి చూసి శారమ్మ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే తన తోటకు తానే నిప్పు పెట్టుకుంది. కాలిన చెరకు నిలవ ఉండదు. ధర తగ్గినా సరే, దాన్ని వెంటనే నరికించాలన్నది అసలు సోర్స్‌లోనే ఉంది. దానిమీద పాచ్ వెయ్యాలని ఏ నాయకుడికీ తోచలేదు. కాసేపటికే శారమ్మ ఆర్డర్ బయటికొచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

రత్తయ్యగారికీ తిరిగాయి. దేవదాస్‌ను పిలిపించారు.

“రైతులిలా పంట తగలబెట్టుకుంటుంటే చూడలేకపోతున్నానయ్యా. కాలిన చెరకును వరుసలో వెనక్కి నెట్టే పాచ్ ఒకటి రాయి. అన్నిటికన్నా చివర వెయ్యి.”

శారమ్మ మనుషులు కొడవళ్లతో తోటలోకి దిగేసరికి ఆర్డర్ రద్దయింది. ఆ రోజు సీడీకి కొత్త దండ వేశారు.