అస్లాక్ మెత్తబడిన రోజు

ఆ శనివారం పొద్దున అస్లాక్ ఓట్స్ జావ తాగి, గిన్నె కడిగి, గోడకు ఆనించిన, మంచు మీద జారే స్కీ చెక్కల అడుగున మైనం రాశాడు. ఆ రోజు అతనికున్న పని ఒక్కటే. కొండ మీది విడిది దాకా ఎక్కాలి. అక్కడికి గున్వోర్ వస్తుంది. ఇద్దరూ కలిసి బర్చ్ చెట్ల మధ్యగా కిందికి దిగాలి. అంతే.

పోయిన ఏడు కూడా ఇదే అనుకున్నారు. అప్పుడు అస్లాక్ స్కీలు తిరగలేదు. అవి అతను వయసులో ఉండగా కొన్నవి. పొడుగ్గా, దూలాల్లా బిర్రుగా ఉంటాయి. చలికాలపు గట్టి మంచు మీద గుర్రాల్లా పోతాయి. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నపు మంచు తడిసిన పంచదారలా ఉంటుంది. అందులో వాటి ముక్కులు దిగబడ్డాయి. అస్లాక్ పోయి ఒక చెట్టును వాటేసుకున్నాడు. గున్వోర్ కింద నిలబడి చూసి చూసి, పైకి కేకేసింది.

"ఆ చెట్టు నీకు చుట్టమా అస్లాక్?"

మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద మళ్ళీ ఆవిడే కదిపింది.

"ఈసారైనా కలిసి దిగుదామా? తార్కెల్ కూడా తనతో దిగమని అడుగుతున్నాడు మరి. నీకోసం కాచుకోవడం నాకేం కష్టం కాదు గానీ, కింద నిలబడితే కాళ్ళు కొంకర్లు పోతాయి."

తార్కెల్‌ది ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్కీల దుకాణం. భార్య పోయిన మనిషి. పలువరస బాగుంటుంది.

తనకు కావలసింది మెత్తటి స్కీలని అస్లాక్‌కు తెలుసు. ఆ చెట్టును పట్టుకుని ఉన్నప్పుడే తెలిసింది. కానీ మెత్తటి స్కీలు ఎముకల్లేని వాళ్ళకని ఇన్నేళ్ళుగా ఊరంతా చెప్పుకొచ్చింది అతనే. ఇప్పుడు తార్కెల్ కొట్టుకు ఏ మొహం పెట్టుకుని పోతాడు?

అతను ఎక్కేసరికి విడిది గోడకు ఊరు ఊరంతా జారగిలబడి ఉంది. ఈస్టర్ సెలవులు. అందరి మొహాలూ ఎండకేసి ఉన్నాయి, అందరి కళ్ళూ మూసుకుని ఉన్నాయి. ఒళ్ళో నారింజ తొక్కలు. చూరు మీది మంచు బొట్టు బొట్టుగా కారుతోంది. ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉంది ఆ చప్పుడు.

"గున్వోర్ లోపల వాఫిల్స్‌కి వరసలో నిలబడింది బాబాయ్," అంది బడి పంతులమ్మ సీగ్నె, కళ్ళు తెరవకుండానే. "నీక్కూడా తెస్తుందిలే, చీజు పెట్టించి. కూర్చో."

అస్లాక్ కూర్చోలేదు. గోడ పక్కన అందరి స్కీలూ మంచులో గుచ్చి ఉన్నాయి. తనవీ అక్కడే గుచ్చాడు. గుచ్చి, చుట్టూ చూశాడు. ఊరు నిద్రపోతోంది. కొనలేకపోయినా కనీసం ఏ మెత్తదనం తనకు సరిపోతుందో చూసుకుంటే తప్పేముంది?

ఒక స్కీ తీసి, తోక మంచులో ఆనించి, ముక్కు ఎడమచేత్తో పట్టి, నడుము మీద కుడి అరచేత్తో నొక్కాడు. అసలు కదల్లేదు. చూస్తే అది తనదే. రెండోది ముక్కు దగ్గర మెత్తన, నడుము దగ్గర బిర్రు. అది పనికిరాదు. ఇక్కడి వాళ్ళు తిరిగే టెలిమార్క్ మలుపులో మోకాలు వంచి కిందికి కూర్చుంటారు, వెనక కాలి మడమ పైకి లేస్తుంది. ఆ కాలి కిందది కూడా వంగాలి. వంగకపోతే ముందు స్కీ ఒక దారి, వెనకది ఒక దారి, మనిషి చెట్టు దారి. మూడోది మరీ సడలి, తడిసిన తుండుగుడ్డలా వేలాడింది.

నాలుగో జత పొట్టిది, ఆకుపచ్చ ముక్కులది. నొక్కితే పచ్చి కొమ్మలా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే తీరున వంగింది. వదిలితే, తొందరేముందన్నట్టు నెమ్మదిగా తిరిగొచ్చింది. అస్లాక్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వదిలాడు.

మూడంటే మూడు మలుపులు, అనుకున్నాడు. ఇక్కడ అందరి బూట్ల ముక్కులూ ఒకే కొలత, ఎవరి స్కీలైనా ఎవరికైనా పడతాయి. తన స్కీలను ఆ గుంటల్లో గుచ్చి, ఆకుపచ్చ వాటిని తొడుక్కుని, విడిది వెనక్కి పోయాడు.

మొదటి మలుపుకు మోకాలు వంచగానే మంచు తలుపు తీసినట్టు తెరుచుకుంది. ముక్కులు దిగబడలేదు, తేలాయి. చెట్టు వచ్చింది, పక్కకు పోయింది. ఇంకో చెట్టు వచ్చింది, అదీ పోయింది. చెట్లే తనకు దారి ఇస్తున్నట్టుంది. కొమ్మల నీడలు నీలంగా మంచు మీద పడుకుని ఉన్నాయి. వాటి మీదుగా అతను చప్పుడు లేకుండా అటూ ఇటూ ఊగుతూ పోయాడు, ఉయ్యాల్లో పసివాడిలా. ఎక్కడో నీళ్ళు పారుతున్నాయి. ఏదో పిట్ట ఒక్క కూత కూసి మిగతాది మరిచిపోయింది. అస్లాక్ కూడా మరిచిపోయాడు. చెట్లు అయిపోయి తారురోడ్డు కనబడ్డాక గానీ అతనికి గుర్తురాలేదు, తను దిగాల్సింది గున్వోర్‌తో అని.

పైన ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది. గున్వోర్ వాఫిల్స్ పట్టుకుని బయటికొచ్చింది. అస్లాక్ లేడు. అతని పొడుగు స్కీలు మాత్రం నిలబడి ఉన్నాయి.

"స్కీలు లేకుండా ఎటు పోయాడీ మనిషి?"

"నడిచి పోయుంటాడు," అన్నాడు తార్కెల్ లేచి.

"ఈ మంచులోనా? మోకాలిదాకా దిగబడతాడు!" అంది సీగ్నె.

"నా స్కీలు కూడా లేవే," అంది గున్వోర్ వరస చూసి.

"అవెవరో పొరపాటున తొడుక్కునుంటారు. అస్లాక్ మాత్రం మెత్తవి ముట్టుకోడు. చచ్చినా ముట్టుకోడు," అంది సీగ్నె. అందరూ ఔనన్నారు. ఇన్నేళ్ళ మాట మరి.

గుండె పట్టేసిందేమో అన్నారొకరు. మతి తప్పిందేమో అన్నారింకొకరు. పండగంతా ఎవరి కాలూ విరగక దిగులుగా కూర్చున్న కొండ సాయం వాళ్ళు ఒక్క గంతులో లేచి, దెబ్బతిన్నవాళ్ళను మోసే బండిచెక్క లాగారు. తార్కెల్ కంగారులో చేతికందిన జత తొడిగాడు. అది సీగ్నెది. సీగ్నె మిగిలినదాంట్లో ఇంకెవరిదో తొడిగింది. ఊరంతా ఒకరి స్కీల మీద ఒకరు, "అస్లాక్! అస్లాకో!" అని అరుస్తూ చెట్లలో పడ్డారు.

కింద దుంగ మీద కూర్చున్న అస్లాక్‌కు అడవి తనను పేరుపెట్టి పిలుస్తున్నట్టు వినబడింది. అదీ బాగానే ఉందనుకున్నాడు. తర్వాత ఆ గొంతుల్లో తార్కెల్ గొంతు ఆనవాలు పట్టి, ఆకుపచ్చ స్కీలను గబగబా పొదలోకి తోసేశాడు.

"దొరికాడు!" అంటూ తార్కెల్ పొదను గుద్దుకుని ఆగాడు. "ఏమయ్యా, బాగానే ఉన్నావా? ఇవాళ ఏ వారం?"

"శనివారం."

"తెలిసే చెప్పాడా, ఏదో గుడ్డిగా తగిలిందా?" అని సాయం వాళ్ళు అతన్ని దుప్పట్లో చుట్టి బండిచెక్కకు కట్టేశారు. అస్లాక్ ఒప్పుకుంటే పరువు పోతుంది. ఊరుకుంటే ఆసుపత్రి. ఊరుకున్నాడు.

తార్కెల్ వంగి అతని భుజం తట్టాడు. "ఇంక కొండా గిండా వద్దులే నీకు. ఇంట్లో వెచ్చగా కూర్చో. గున్వోర్‌ని నేను దించుతాను, ప్రతి ఏడూ."

అస్లాక్ నోరు తెరిచాడు. "నేను స్కీల మీదే దిగాను."

"ఏ స్కీల మీద బాబాయ్?" అంది సీగ్నె, పంతులమ్మ గొంతుతో.

"మెత్తవాటి మీద."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాపం, తలకు తగిలింది," అని సాయం మనిషి పట్టీ ఇంకో బిగువు బిగించాడు.

అప్పుడు పైనుంచి గున్వోర్ వచ్చింది. అస్లాక్ పొడుగు దూలాల మీద వచ్చింది. రెండు చెట్ల సందులోంచి దూసుకొచ్చి, మోకాలు నేలకు తగిలేలా కూర్చుని తిరిగి, అందరి మీదా మంచు చల్లి ఆగింది.

"బతికే ఉన్నాడా?"

అస్లాక్ చేతులు కట్టేసి ఉన్నాయి. గడ్డంతో పొద చూపించాడు. తార్కెల్ లాగితే ఆకుపచ్చ ముక్కులు బయటికొచ్చాయి.

"ఇవి గున్వోర్‌వి! నేనే అమ్మాను!"

నవ్వు రోడ్డు దాకా పోయి తిరిగొచ్చింది. అస్లాక్ దుప్పట్లోకి తల లాక్కున్నాడు. గున్వోర్ నవ్వలేదు. తన కాళ్ళకేసి చూసుకుంటోంది.

"వీటికేం రోగం అస్లాక్? బాణాల్లా వచ్చాయి."

"తిరగవు కదా."

"తిప్పితే తిరుగుతాయి." ఆవిడ బండిచెక్క పక్కన కూలబడి పట్టీలు విప్పసాగింది. "ఆ మెత్తవి నేనెందుకు కొన్నానో తెలుసా? నీతోపాటు నెమ్మదిగా దిగుదామని. వాటి మీద నాకు నిద్రొస్తుందయ్యా."

"నాకూ వచ్చింది," అన్నాడు అస్లాక్. "బాగుంది."

"అయితే అవి నువ్వుంచుకో, ఇవి నాకిచ్చెయ్. రేపు కలిసి దిగుదాం. నువ్వు ముందు బయల్దేరు, నేను వెనకొస్తాను."

తార్కెల్ ఏదో అనబోయాడు గానీ, సీగ్నె తన స్కీలు తనకిమ్మని అతని కాళ్ళ దగ్గర కూర్చుంది.

ఆ రాత్రంతా వెచ్చటి వాన కురిసి, మర్నాడూ వదల్లేదు. చెట్ల మధ్య మంచు పోయి నిరుటి ఆకులు బయటపడ్డాయి. మాట మాటే కాబట్టి ఇద్దరూ ఒకే గొడుగు కింద, బురదలో జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ నడిచే దిగారు. ఏ స్కీలైతే బాగుంటాయన్న చర్చ రాలేదు.