సెట్టింగు కుదిరింది!

గొంతు రికార్డు చేయడం ఎవరైనా చేస్తారు. ఆ గొంతుకు పెట్టెతో మెరుగు పెట్టాలా, కంప్యూటర్‌తో పెట్టాలా అని ఎప్పటికీ తేల్చుకోలేకపోవడమే అసలైన కళ! కైరోలో ముప్పై ఏళ్లుగా పాటలు రాసుకుని బతుకుతున్నవాణ్ని, నా మాట నమ్మండి.

నమ్మకపోతే దొక్కీ పేటలో మా స్టూడియోకు రండి. భాగస్వాముల్లో ఒకడైన వగ్దీ హార్డ్‌వేర్ భక్తుడు. హెచ్చిన గొంతును అణిచి, తగ్గిన గొంతును లేపే కంప్రెసర్ పెట్టె ఒకటి ఆయన ప్రాణం. అది వేడెక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆయన వేడెక్కడానికి ఒక్క మాట చాలు.

రెండో భాగస్వామి షహీరాది సాఫ్ట్‌వేర్ పార్టీ. కంప్యూటర్‌లో అయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చట. మార్చుకోవచ్చంటే మారుస్తూనే ఉండాలని ఆవిడ అర్థం చేసుకుంది. ఇంతకన్నా అదృష్టం ఏ స్టూడియోకు పడుతుంది?

మొన్నామధ్య టాంటా ఊరి నుంచి బహీగా అనే పెద్దావిడ వచ్చారు. హజ్ చేసొచ్చినావిడ కాబట్టి అందరూ హాజ్జా అంటారు. డెబ్బై ఏళ్ల పల్లెపాటల గాయని. వాళ్లమ్మ కట్టిన పాట ఒకటి ఆవిడకు తప్ప ఇంకెవరికీ రాదు. గురువారం గొంతుకు ఆపరేషన్, ఆ తర్వాత మాట కూడా రాదని డాక్టరు తేల్చేశాడు. మా చేతిలో మూడు రోజులున్నాయి. మూడు రోజులు! మూడు నిమిషాల పాటకు!

"పాట అప్పుడే వద్దు హాజ్జా. పెట్టెలోంచి వెళ్లి రికార్డయిందంటే ఆ మెరుగును మళ్లీ వెనక్కి తీసుకోలేం. ముందు ఒకటి, రెండు అనండి, సెట్టింగు చూద్దాం" అన్నాడు వగ్దీ.

ఆవిడ అన్నారు.

"ఆ భయమే వద్దంటున్నా. ఇటివ్వండి" అని షహీరా కంప్యూటర్‌కు కలిపిన హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు తగిలించింది.

"ఒకటి" అనగానే హాజ్జా ఉలిక్కిపడ్డారు. "ఇదేంటే తల్లీ, నా గొంతు నా వెనకాల నడిచొస్తోంది! దానిక్కూడా మోకాళ్ల నొప్పులా?"

"కంప్యూటర్ మెరుగు పెట్టేసరికి ఆ కాస్త ఆలస్యం తప్పదమ్మా. సర్దేస్తా, మళ్లీ అనండి."

మళ్లీ అన్నారు. సోమవారమంతా అన్నారు, మంగళవారమంతా అన్నారు. మధ్యమధ్య సోంపు టీ తాగి అన్నారు. నేనేం ఊరుకోలేదండోయ్! పొద్దున పెట్టెకు ఓటేశాను, మధ్యాహ్నం కడుపు నిండాక కంప్యూటర్‌కు ఓటేశాను. మేధావి అన్నాక ఆ మాత్రం ఉండాలి కదా!

బుధవారం ఆవిడ చేతులు జోడించినంత పని చేశారు. "నాయనా, ఉన్న కాస్త గొంతూ ఒకట్లకూ రెండ్లకూ అయిపోతోంది. నన్ను పాడనిస్తారా లేదా?"

"ఒక్క నిమిషం హాజ్జా, వచ్చేసింది!" అన్నారు ఇద్దరూ.

నిజంగానే వచ్చేసింది. సగం పెట్టె, సగం కంప్యూటర్. సాయంత్రానికి సెట్టింగు కుదిరింది! చప్పట్లు కొట్టుకున్నాం. హాజ్జా కళ్లు మూసుకుని నోరు తెరిచారు. గాలి వచ్చింది, గొంతు రాలేదు.

"గాలి కూడా ఎంత శుభ్రంగా పలికిందో విన్నావా?" అని వగ్దీ నా చెవిలో గొణిగాడు. చూశారా, కళంటే అదీ!

నెల తర్వాత హాజ్జా మెడకు గుడ్డ చుట్టుకుని, చేతిలో నోటుపుస్తకంతో వచ్చారు. మావాళ్లు ఆవిణ్ని కూర్చోబెట్టి నలభై మూడు రకాల "ఒకటి, రెండు" వినిపించారు. "న్యాయం మీరే చెప్పాలి హాజ్జా. పెట్టె బాగుందా, కంప్యూటర్ బాగుందా?"

ఆవిడ నలభై మూడూ ఓపిగ్గా విన్నారు. మేం ముగ్గురం ఆవిణ్ని ఒక్కసారైనా అలా వినలేదని అప్పుడు తట్టి, నాకు తల కొట్టేసినట్టయింది.

హాజ్జా పుస్తకం తెరిచి ఏదో రాసి మా వైపు తిప్పారు.

"మా అమ్మ పాట ఏది?"