మంత్రిగారు మగ ఎలుకలను తనిఖీ చేసిన వైనం

"ఈ ఏటితో దేశంలో ఎలుకల వంశం ఆఖరు" అని ఆహార శాఖ మంత్రిగారు సోమవారం ప్రకటించారు. గిడ్డంగుల్లో దొరికిన ప్రతి మగ ఎలుకకూ వృషణాలు తీసెయ్యడం ఆ బృహత్తర పథకం. బాధ్యతంతా మగవాటి మీదే పెట్టినందుకు మహిళలు హర్షిస్తున్నారని కూడా ఆయనే ప్రకటించారు. పథకం సాధించిన విజయాన్ని చూడటానికి గురువారం వస్తున్నట్టు మర్నాడే కబురొచ్చింది.

గిడ్డంగిలో పశువైద్యురాలిని అందరూ డాక్టరమ్మ అంటారు. కబురు వినగానే ఆవిడ డైరెక్టర్ గదికి పరిగెత్తింది.

"సార్, కత్తులే ఇంకా రాలేదు. ఒక్క ఎలుకకీ ఆపరేషన్ కాలేదు."

"ఎలుకలు వచ్చాయా?"

"నలభై పట్టాం. అన్నీ మగవే."

"అయితే సగం పనైనట్టే. నిజం నేను చెప్తాగా మంత్రిగారికి!" అన్నాడు డైరెక్టర్, ఛాతీ విరుచుకుని. ఆ ధైర్యం బుధవారం సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు.

డాక్టరమ్మ దిగులు వేరు. ఆపరేషన్లు అయిపోయాయని రాస్తే బోన్లు తీసేస్తారు. ఇక్కడి ధాన్యం బడిపిల్లల భోజనానికి వెళ్తుంది. కిందటి నెలలోనే అరవై బస్తాలకు చిల్లులు పడ్డాయి.

గురువారం మంత్రిగారు ముప్పైమంది అధికారులతో, అంతకు రెట్టింపు కెమెరాలతో వేంచేశారు. ఆయనకు చెమట పడుతుందని ఆఫీసు గదిలో ఏసీని మంచు కురిసేట్టు పెట్టారు. డాక్టరమ్మ ఒక ఎలుకను తీసి, తోక పైకెత్తి చూపించింది.

ఎదిగిన మగ ఎలుకకు దాపరికం ఉండదు. తోక కింద బాదం గింజలంతేసి ఉబ్బుగా కనిపిస్తాయి. ఆ రోజు మాత్రం వదులు చర్మం తప్ప ఏమీ లేదు.

"ఏవీ?" అన్నారు మంత్రిగారు.

"తీసేశాం సార్!" అన్నాడు డైరెక్టర్.

"గాటు కూడా లేదే!"

"అదే సార్ మన టెక్నాలజీ."

చప్పట్లు మోగాయి. రెండో ఎలుకా అంతే, పదోదీ అంతే.

డాక్టరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "సార్, వీటికి ఏ ఆపరేషనూ కాలేదు. ఎలుక పొట్టలోంచి ఆ సంచిలోకి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చలేసినా భయమేసినా వృషణాలు లోపలికి లాగేసుకుంటుంది. గది వెచ్చబడి, ఈ గోల తగ్గితే మళ్ళీ కిందికి దిగుతాయి. కాసేపు ఉండి చూడండి."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "అంటే నన్ను చూసే లాగేసుకున్నాయా?"

"మిమ్మల్నని కాదు సార్..."

"ఇక కత్తులెందుకయ్యా? నా ఫోటో ప్రతి గిడ్డంగిలో పెట్టండి. బోన్లు తీసెయ్యండి!"

"ఫోటో వల్ల ఎలుకలు పుట్టడం ఆగదు సార్. బడిపిల్లల తిండి పోతుంది."

మంత్రిగారు అధికారుల వైపు తిరిగారు. "ఈవిడ చెప్పేది నిజమని ఎవరైనా అంటారా?"

ముప్పైమందిలో పశువైద్యం చదివినవాళ్ళు పదకొండుమంది. పదకొండుమందీ తమ బూట్లను శ్రద్ధగా పరిశీలించారు. డైరెక్టర్ ఎక్కడా కనిపించలేదు. పథకం నూరు శాతం విజయవంతమన్న కాగితం మీద అందరూ వరసగా సంతకాలు పెట్టారు. డాక్టరమ్మ కలం ముట్టుకోలేదు. ఆవిడ బదిలీ ఉత్తర్వు అక్కడే, నిలబడే టైపు చేశారు.

కార్లు వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ ఏసీ కట్టేసి కిటికీ తెరిచింది. ఒక ఎలుకను ఒళ్ళో పెట్టుకుని, వీపు నిమురుతూ కూర్చుంది. గదిలోకి ఎండ వచ్చింది.

కాసేపటికి ఫైళ్ళ బీరువా వెనక నుంచి ముందు ఒక తల, తర్వాత ఒక భుజం బయటికొచ్చాయి.

"వెళ్ళిపోయారా?" అన్నాడు డైరెక్టర్.

"వెళ్ళారు సార్."

అతను పూర్తిగా బయటికొచ్చి, కోటు దులుపుకున్నాడు. "మీరు చెప్పింది అక్షరాలా నిజం డాక్టరమ్మా! ఆయన మొహం మీదే చెప్పేద్దామనుకున్నా" అన్నాడు, గొంతు పెంచి.

డాక్టరమ్మ ఒళ్ళోని ఎలుక తోక ఎత్తి చూసింది. గడియారం చూసి, రిజిస్టర్లో రాసుకుంది:

"పదకొండూ ఇరవై. దిగాయి."